రష్యన్ లెక్కల క్లాసు లాంటిది నల్లగొండల దొరుకుతదా? అబాకస్ మాన్పించాల్నా?

అడిగింది: నాలుగో తరగతి పాప తల్లి, నల్లగొండ

మా ఆడబిడ్డ బిడ్డ బోస్టన్ దగ్గర ఉంటది. వారానికోసారి బడి అయినంక రష్యన్ లెక్కల క్లాసుకు పోతది. మొన్న వీడియో కాల్‌ల మా పాపను అడిగింది: "సంచిల ఎర్ర గోలీలు, నీలం గోలీలు ఉన్నయి. చూడకుండ ఎన్ని తీస్తే ఒకటే రంగువి రెండు తప్పకుండ వస్తయి?" మా పాప అబాకస్ ఐదో లెవెల్. రెండంకెల గుణకారం వేళ్లు ఆడిస్తనే చెప్పేస్తది. దీనికి మాత్రం "సంచిల ఎన్నున్నయో చెప్పలేదు కదా" అని నా మొకం చూసింది. ఆ పిల్ల ఏడాది చిన్నది, "మూడు" అన్నది, ఎందుకో కూడ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆన్‌లైన్ల డాలర్ల ఫీజు మాతోని కాదు. ఏం చేయమంటరు?

జవాబు: జడ్చర్ల పిల్ల, ఇప్పుడు మసాచుసెట్స్

అక్కా, ఇక్కడ ఈ పద్ధతికి పెద్ద పేరు తెచ్చిన బడిని 1997ల న్యూటన్ అనే ఊర్ల పెట్టిన్రు. పెట్టినోళ్లు ఇనెస్సా రిఫ్కిన్, ఇరీనా ఖవిన్సన్, ఇద్దరూ సోవియట్ దేశం నుంచి వచ్చినోళ్లే. మా బాబు అక్కడికి పోడు, ఒక రష్యన్ టీచరమ్మ ఇంటికి పోతడు. జవాబు కరెక్టయినా ఆమె "ఎట్ల తెలిసింది?" అనే అంటది. బోర్డు దగ్గర నిలబడి అందరికి అర్థమయ్యేటట్టు చెప్పాలె. సగం క్లాసు దానికే పోతది. నాకు నచ్చింది అదే.

జవాబు: రిటైర్డ్ లెక్కల మాస్టారు, దేవరకొండ

అమ్మా, అబాకస్ మాన్పించమని నేను చెప్పను. అది చేతివేగం నేర్పుతుంది. మీ పాపకు కావలసింది వేరే.

రష్యాలో బడి తర్వాత పిల్లలు లెక్కల కోసం కూడే బృందాన్ని క్రుజోక్ అంటారు. లెనిన్‌గ్రాడ్‌లో 1934లోనే బడిపిల్లలకు లెక్కల ఒలింపియాడ్ పెట్టారు. చిన్నపిల్లలకు చెప్పే తీరును ఎల్కోనిన్, దవీదోవ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్చారు. వాళ్ల పద్ధతిలో ఒకటో తరగతి పిల్లకు మొదట అంకెలు నేర్పరు. రెండు గిన్నెల నీళ్లు పోలుస్తుంది, ఏది ఎక్కువో ఎ, బి లాంటి అక్షరాలతో రాస్తుంది. సంఖ్య తర్వాత వస్తుంది, అదీ కొలతలోంచి.

మీ ఇంట్లో సోల, తవ్వ ఉన్నాయా? గిన్నెడు బియ్యం పాప చేత సోలతో కొలిపించండి. ఎనిమిది వచ్చాయనుకోండి. అవే బియ్యం తవ్వతో కొలిస్తే నాలుగే. "బియ్యం తగ్గాయా?" అని అడిగి ఊరుకోండి. ఎంతసేపైనా సరే, జవాబు మీరు అందించకండి. నా ముప్పై ఏళ్ల పంతులుగిరీలో నేను ఎక్కువ పొరపాటు పడ్డది అక్కడే, పిల్లవాడు నోరు తెరిచేలోపే చెప్పేసేవాణ్ణి.

అడిగినామె మళ్లీ

సార్, మా అత్తమ్మ తిప్పర్తి నుంచి తెచ్చుకున్న ఇత్తడి సోల, తవ్వ అటక మీద ఉండె. చింతపండుతోని తోమి నిన్న కూసున్నం. సోలతోని ఏడు వచ్చినయి. తవ్వతోని మూడు నిండినయి, నాలుగోది సగమే. బియ్యం తగ్గినయా అంటే పాప మాట్లాడలేదు. చాపమీద బియ్యం వేలుతోని జరుపుకుంట కూసున్నది. అత్తమ్మ చెప్పబోతుంటే నేనే చెయ్యి పట్టుకొని ఆపిన. జర సేపటికి పాప సోలెడు బియ్యం తీసి తవ్వల పోసింది. "తవ్వ పెద్దది, అందుకే తక్కువసార్లు" అన్నది. మళ్ల తనే, "అమ్మా, మూడున్నర అంటే, సగం కూడ అంకెనేనా?" అని అడిగింది.

దీనికి నేనేం చెప్పాలె సార్? నేనింక నోరు తెరవలేదు.