ఈత రానివాళ్ళు సర్ఫింగ్ క్లాసుకి వెళ్ళొచ్చా? (పసిఫికా, శాంటా క్రూజ్)

ఫ్రీమాంట్_బాచ్: వచ్చే శనివారం కాలిఫోర్నియా పసిఫికాలో లిండా మార్ బీచ్‌కీ, ఆదివారం శాంటా క్రూజ్‌లో కవెల్స్ బీచ్‌కీ సర్ఫింగ్ నేర్చుకోడానికి వెళ్దామని నలుగురం ప్లాన్ వేశాం. ఇద్దరికి ఈత వచ్చు, ఇద్దరికి అస్సలు రాదు. "నడుము లోతులోనే కదా నేర్పేది. బోర్డు తేలుతుంది, చలికి వేసుకునే రబ్బరు వెట్‌సూట్ తేలుతుంది, బోర్డుని కాలికి కట్టే లీష్ ఉంటుంది. ఇంక ఈతతో పనేముంది?" అని ఆ ఇద్దరి వాదన. తేల్చి చెప్పండి.

కెరటం_కాకినాడ: వెళ్ళనివ్వండి. మొదటి రోజు అల లేచే చోటికి ఎవరూ వెళ్ళరు. అల విరిగి నురగై ఒడ్డుకొచ్చే చోటే పనంతా. 9 అడుగుల ఫోమ్ బోర్డు తీసుకోండి. 80 కిలోల మనిషి స్టైల్‌గా ఉందని 7 అడుగులది తీసుకుంటే లేచేలోపే ఊగిపోతుంది. నడుము లోతులో బోర్డు ముక్కు, అంటే ముందు కొస, ఒడ్డువైపు తిప్పి దాన్ని పక్కన పట్టుకోవాలి. నురగ నాలుగైదు మీటర్ల దూరంలో ఉండగా బోర్లా పడుకుని మూడు నాలుగు బారలు గట్టిగా వేయాలి. నురగ తాకగానే లేవకూడదు. బోర్డు సాఫీగా జారడం మొదలయ్యాక అరచేతులు పక్కటెముకల పక్కన ఆనించి ఒక్క ఊపున లేవాలి. అంచులు పట్టుకుని లేస్తే బోర్డు పక్కకి ఒరుగుతుంది. మరీ ముందుకి పడుకుంటే ముక్కు నీళ్ళలోకి గుచ్చుకుంటుంది, మరీ వెనక్కి పడుకుంటే నురగ మిమ్మల్ని వదిలేసి పోతుంది. ఇందులో ఈత ఎక్కడుంది?

పాడిల్_పంతులు: పడ్డాక ఉంటుందండీ. మీరు చెప్పిందంతా బోర్డు మీద ఉన్నంతసేపటి సంగతి.

నడుము లోతు అనేది అల రానప్పటి కొలత. నురగ వచ్చినప్పుడు అదే చోట నీళ్ళు ఛాతీ దాటుతాయి, కాళ్ళు నేల వదిలేస్తాయి. పైగా లిండా మార్ అడుగున ఉన్నది ఇసుక. ఇసుక తిన్నె మీద నడుము లోతులో ఉన్న మనిషి నాలుగడుగులు పక్కకి జరిగితే, మెట్ల బావిలో మెట్టు తప్పినట్టు, గుంటలో పడొచ్చు. ఈ గుంటలు వారం వారం చోటు మారతాయి.

ఇక లీష్. అది వెల్క్రో పట్టీతో చీలమండకి కట్టే తాడు. ఇసుక పట్టిన వెల్క్రో ఊడుతుంది, అద్దె బోర్డుల పాత తాళ్ళు తెగుతాయి కూడా. ఆ క్షణాన మీ చేతిలో మిగిలేది వెట్‌సూట్ ఒక్కటే. వెట్‌సూట్ తేలుతుంది, నిజమే. కానీ అది లైఫ్ జాకెట్ కాదు. ముఖం పైకి ఉంచదు.

కెరటం_కాకినాడ: పంతులుగారూ, ఇన్‌స్ట్రక్టర్ చేతికందే దూరంలో ఉంటాడు. మీ లెక్కన అయితే ఆర్కే బీచ్‌లో పాదాలు కూడా తడపకూడదు.

పాడిల్_పంతులు: ఆర్కే బీచ్‌లో ఎందరు పోతున్నారో తెలిసి కూడా ఆ పోలికా? గ్రూపు క్లాసులో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి నలుగురైదుగురు ఉంటారు. ఒకర్ని అలలోకి నెట్టేటప్పుడు మిగతావాళ్ళు ఆయన వీపు వెనక ఉంటారు. అందుకే చాలా సర్ఫ్ స్కూళ్ళు సంతకం పెట్టించుకునే ఫారంలో ఈత వచ్చా అని అడుగుతాయి. రాకుండా వచ్చని టిక్ పెడితే మోసపోయేది ఎవరు?

చలి సంగతి వేరే చెప్పాలి. అక్కడ నీళ్ళు ఏడాదిలో ఎక్కువ భాగం 11 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటాయి. అంత చల్లటి నీళ్ళు ఒక్కసారిగా ముఖానికి, మెడకి తగిలితే మనకి తెలీకుండానే గట్టిగా ఊపిరి పీల్చేస్తాం. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే లోపలికి పోయేది నీళ్ళే. ఈత వచ్చినవాడు ఓ నిమిషం తేలి ఊపిరి సర్దుకుంటాడు. రానివాడికి ఆ నిమిషం దొరకదు.

హన్మకొండ_పోరడు: ఇద్దరు కొట్లాడుతున్రు గానీ జాగ గురించి ఎవ్వరు మాట్లాడ్తలేరు. లిండా మార్ల దక్షిణం కొసకు, పెడ్రో పాయింట్ దిక్కు అల చిన్నగ ఉంటది. ఉత్తరానికి పోయినకొద్ది పెరుగుతది. కవెల్స్‌ల అల మెల్లగ, పొడుగ్గ వస్తది, నేర్చుకునేటోళ్ళకు దానికి మించింది లేదు. కానీ పోటు మీదుంటే అక్కడ అల లేవదు, బీచ్ కూడ ఇరుకైతది. పక్కనే ఉన్న స్టీమర్ లేన్ చేయి తిరిగినోళ్ళది, అటు జరగొద్దు. శాన్ ఫ్రాన్సిస్కో ఓషన్ బీచ్ దగ్గర పడ్తది కదా అని ఎవరన్న అంటే అస్సలు ఇనొద్దు. ఈత వచ్చినోళ్ళకే అక్కడి నీళ్ళ గుంజుడు తోని కష్టం.

ఇంకోటి. అలల అంచనా చెప్పే యాప్‌ల 3 అడుగులు అని చూసి మురిసిపోవద్దు, పక్కనున్న సెకన్లు చూడాలె, అంటే అలకు అలకు నడుమ టైము. 3 అడుగులు 8 సెకన్లది, 3 అడుగులు 16 సెకన్లది ఒక్కటి కాదు. రెండోది ఒడ్డుకొచ్చేసరికి ఇంకా లేస్తది, బలంగ గుద్దుతది. పైగా పెద్ద అలలు గుంపుగ వస్తయి, దాన్నే సెట్ అంటరు; సెట్‌కు సెట్‌కు నడుమ శాన నిమిషాలు సముద్రం సప్పుడు చేయదు. కొత్తోళ్ళు అది చూసే లోపలికి పోతరు.

తీరం_దాటినక్క: రిప్ కరెంట్ పేరెత్తకుండానే ఇంత దూరం వచ్చారా! అలలు విరుగుతున్న రెండు చోట్ల మధ్య నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో, నిమ్మళంగా ఒక సందు కనిపిస్తుంది. కొత్తవాళ్ళు హాయిగా ఉందని అక్కడే దిగుతారు. ఒడ్డుకి చేరిన నీళ్ళు తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే. మామూలుగా సెకనుకి ఒకటి రెండు అడుగుల వేగం ఉంటుంది, 8 అడుగులు కూడా నమోదైంది. దానికి ఎదురీదకూడదు, తీరానికి సమాంతరంగా ఈది బయటపడాలి అని అందరూ చెప్తారు. ఈత రానివాళ్ళకి ఆ సలహా ఎందుకు పనికొస్తుంది? బోర్డు ఉంటే దాన్ని వదలకుండా చెయ్యి ఊపడం ఒక్కటే వాళ్ళకి మిగిలే దారి.

ఈత వచ్చిన ఇద్దరికీ ఒక మాట. 2004లో హవాయీలోని డాక్టర్లు సర్ఫర్స్ మైలోపతీ అని ఒక జబ్బుని మొదటిసారి వైద్య పత్రికలో వివరించారు. అరుదు, కానీ వచ్చేది ఎక్కువగా తొలిసారి సర్ఫింగ్ చేసేవాళ్ళకే. బోర్డు మీద నడుము వెనక్కి విల్లులా వంచి చాలాసేపు పడుకోవడం వల్ల వెన్నుపాముకి రక్తం తగ్గుతుందని అనుకుంటున్నారు. ఏ దెబ్బా తగలకుండా హఠాత్తుగా నడుం నొప్పి, కాళ్ళలో తిమ్మిరి వస్తే "ఇంకొక్క అల" అనకండి. బయటికొచ్చి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. అలల మధ్య విరామంలో బోర్డు మీద లేచి కూర్చుంటూ ఉండండి.

ఫ్రీమాంట్_బాచ్: అయితే ఆ ఇద్దరూ బోర్డు మీద పడుకునే నురగలో జారితే? నిలబడకుండా?

కెరటం_కాకినాడ: అది బ్రహ్మాండం. మోకాళ్ళకీ నడుముకీ మధ్య లోతు, ఒక మనిషికి ఒక ఇన్‌స్ట్రక్టర్. ఈత రాదని ముందే ఫోన్‌లో చెప్పి బుక్ చేయండి. వాళ్ళు వద్దంటే వద్దు.

పాడిల్_పంతులు: తొడ లోతు వరకే అయితే నాకు అభ్యంతరం లేదు, నడుము దాకా ఒప్పుకోను. నిలబడి సర్ఫ్ చేయాలంటే మాత్రం ముందు పూల్‌లో రెండు పరీక్షలు: ఆగకుండా 100 మీటర్లు, నేల తగలకుండా 5 నిమిషాలు తేలడం. పూల్ నీళ్ళు వెచ్చగా, కదలకుండా ఉంటాయి కాబట్టి ఇది నా దృష్టిలో కనీసం.

పడేటప్పుడు తలకిందులుగా దూకొద్దని నలుగురికీ చెప్పండి. వెనక్కో పక్కకో వెల్లకిలా పడాలి. పైకొచ్చేటప్పుడు రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకోవాలి. లీష్ సాగి బోర్డుని వెనక్కి లాగుతుంది, అది వచ్చేది మీ ముఖం మీదికే. బోర్డుని ఎప్పుడూ మీకూ అలకీ మధ్య పెట్టుకోకండి.

హన్మకొండ_పోరడు: వెట్‌సూట్ 4/3 అడుగుర్రి. ఒంటికి 4 మిల్లీమీటర్లు, చేతులకు కాళ్ళకు 3. బూట్లు కూడ తీస్కోర్రి. బిగుతుగ ఉందని పెద్ద సైజుకు పోవద్దు, మెడ కాడికెళ్లి నీళ్ళు పారుతనే ఉంటయి, ఇరవై నిమిషాలల్ల పండ్లు కొట్టుకుంటయి. అద్దె సూట్లకు జిప్ ఎక్కువగ ఈపు దిక్కే ఉంటది, శానమంది ఉల్టా తొడుగుతరు. ఆదివారం పొద్దుగాల పోటు ఎక్కువుంటే కవెల్స్‌కు మధ్యాహ్నం పోర్రి, క్లాసు కూడ ఆ టైముకే బుక్ చేస్కోర్రి.