గుర్రపు స్వారీతో డిప్రెషన్ తగ్గుతుందా? చెల్లిని చేర్పించాలా, వద్దా?

ఉప్పల్_అన్నయ్య
అందరికీ నమస్కారం. మా చెల్లికి 26 ఏళ్లు. ఏడాదిగా డిప్రెషన్, దానికి తోడు యాంగ్జయిటీ. సైకియాట్రిస్ట్ రాసిన మందులు వాడుతోంది, కొంత నయమే. కానీ గది దాటి రాదు. ఏదో ఒక వ్యాయామం మొదలుపెట్టమని డాక్టర్ గారు అన్నారు. వాకింగ్‌కి రమ్మంటే దుప్పటి ముసుగేస్తుంది. మొన్న ఫోన్‌లో ఏదో వీడియో చూసి "అన్నయ్యా, గుర్రం ఎక్కాలనుంది" అంది. ఏడాదిలో తను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. ఊరి శివార్లలో ఒక స్కూల్ ఉంది. నెలకు ఎనిమిది క్లాసులు, తొమ్మిది వేలు అన్నారు. నిజంగా ఉపయోగమేనా, లేక డబ్బున్నవాళ్ల సోకా?

గండిపేట_గుర్రపమ్మ
కళ్లు మూసుకుని చేర్పించండి. 2022లో నా ఉద్యోగం పోయింది. రాత్రి రెండింటికి గుండె దడ, తెల్లారేదాకా సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడుకోవడం. ఫ్రెండ్ బలవంతం మీద స్వారీకి వెళ్లాను. మొదటి నెలంతా జీను మీద కూర్చోనివ్వలేదు. ఒళ్లు బ్రష్‌తో రుద్దడం, డెక్కల్లో ఇరుక్కున్న మట్టీ రాళ్లూ తీయడం, ఇంతే పని. నేను ఊపిరి బిగబట్టి వంగితే గుర్రం కాలెత్తేది కాదు. "ముందు మీరు ఊపిరి వదలండమ్మా" అనేవారు మా సారు. వదిలితే, కాలు తెచ్చి నా చేతిలో పెట్టేది. అడవిలో గుర్రం వేటాడేది కాదు, వేటకు దొరక్కుండా పారిపోయేది. పక్కవాళ్ల కంగారు పసిగట్టకపోతే దానికి బతుకే లేదు. మనం మనకే ఒప్పుకోని టెన్షన్ దానికి తెలిసిపోతుంది.

ఎక్కాక ఇంకో సంగతి. గుర్రం ట్రాట్‌లో, అంటే నడకకీ దౌడుకీ మధ్య పరుగులో ఉన్నప్పుడు దాని అడుగుకి సరిగ్గా లేవాలి, కూర్చోవాలి. బుర్రలో ఇంకేదైనా నడిచిందా, నడుము దబ్బున జీనుకి కొట్టుకుంటుంది. నెలల తర్వాత నా బుర్ర ఖాళీగా ఉన్నది ఆ అరగంటే.

పేట_బస్తీ_బాబు
తొమ్మిది వేలా! గుర్రం గుడ్డిదైనా గుగ్గిళ్లకు తక్కువ లేదని ఊరికే అన్నారా.

లెక్కల_మాస్టారు
అమ్మా, మీకు బాగైంది, సంతోషం. కానీ అది గుర్రం వల్లేనని ఎలా తేల్చారు? 2014లో కొందరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 14 అధ్యయనాలను జల్లెడ పట్టారు. అన్నింట్లోనూ లొసుగులే. ఊరికే రోజులు గడవనిచ్చినదాని కంటే గుర్రపు చికిత్స మేలని చెప్పడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చారు. ఎండలోకి వెళ్లారు, ఒళ్లు అలిసింది, నలుగురితో మాట్లాడారు. షటిల్ ఆడినా ఇదే జరిగేది. రాకెట్‌కి దాణా అక్కర్లేదు.

గండిపేట_గుర్రపమ్మ
2014 దగ్గరే ఆగిపోయారేం? కొలంబియా యూనివర్సిటీవాళ్లు యుద్ధాల నుంచి వచ్చి పీటీఎస్‌డీతో, అంటే ఘోరాలు చూశాక మనసును వదలని భయంతో బాధపడుతున్న 63 మంది మాజీ సైనికుల మీద చేసింది 2021లో అచ్చయింది. వారానికి ఒకసారి, గంటన్నర, ఎనిమిది వారాలు. అయిపోయిన మూడు నెలలకు చూసినా దాదాపు సగం మందిలో చెప్పుకోదగ్గ మెరుగు. షటిల్ బ్యాట్‌తో చేసి చూపించండి.

లెక్కల_మాస్టారు
అదే పేపరు నేనూ చదివాను. అందులో ఒక్కరు కూడా గుర్రం ఎక్కలేదు! పగ్గం పట్టుకుని నడిపించారు, ఒళ్లు రుద్దారు, పక్కన థెరపిస్ట్ ఉన్నారు. పోల్చి చూడటానికి ఇంకో గుంపు కూడా లేదు. ఈ చర్చ శీర్షికలో "స్వారీ" అని ఉంది. స్వారీకి రుజువు చూపండి.

గండిపేట_గుర్రపమ్మ
కాలికి వేస్తే వేలికి, వేలికి వేస్తే కాలికి. ఎక్కితే ఏంటి, దిగితే ఏంటి, గుర్రం గుర్రమేగా?

లెక్కల_మాస్టారు
ఫీజు ఎక్కినందుకే కదా కడుతున్నారు?

నల్లకుంట_నాని
ఇద్దరూ ముందు గుర్రం దిగండి.

కోపెన్‌హాగెన్_కోనసీమ
నేను డెన్మార్క్‌లో ఉంటాను. ఇక్కడ లిస్ హార్టెల్ అని ఒకావిడ ఉండేవారు. 1944లో, కడుపుతో ఉండగా పోలియో వచ్చింది. మోకాళ్ల కింద కాళ్లు పనిచేయవు. గుర్రం ఎక్కించడానికీ దించడానికీ మనిషి కావాలి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మగవాళ్లతో పోటీపడి, గుర్రాన్ని చిన్న సైగలతో లయగా నడిపించే డ్రెసాజ్ పోటీలో వెండి పతకం తెచ్చుకున్నారు. స్వారీని చికిత్సగా వాడొచ్చన్న ఆలోచన యూరప్‌లో ఊపందుకుంది ఆవిడ వల్లే.

లెక్కల_మాస్టారు
గొప్ప మనిషి, దండం పెడతాను. కానీ అది ఒంటి సంగతి. గుర్రం నడుస్తుంటే మీద కూర్చున్నవాళ్ల నడుము మనం నడిచినప్పటిలాగే కదులుతుంది, అందుకే ఫిజియోథెరపీలో వాడతారు. డిప్రెషన్‌కి దీనికి ముడేస్తే ఎలా?

రుషికొండ_రాజు
మా బీచ్‌లో గుర్రాలను చూస్తే వాటికే డిప్రెషన్ ఉందేమో అనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో, మూతికి నురగతో. వాటి గురించి ఎవరూ మాట్లాడరే?

గండిపేట_గుర్రపమ్మ
మాస్టారూ, ఒక్క మాట అడుగుతాను. జీవితంలో ఒక్కసారైనా గుర్రాన్ని ముట్టుకున్నారా? పేపర్లు చదివితే సరిపోదు. బాధపడినవాళ్లకు తెలుస్తుంది.

లెక్కల_మాస్టారు
ముట్టుకున్నాను. డబ్బూ కట్టాను. 2019లో మా తమ్ముడిని ఒక సెంటర్‌లో చేర్పించాం, పేరు చెప్పను. పచ్చిక, చెరువు, తెల్ల గుర్రం. వాడికి మీలాంటి వాళ్ల అనుభవాలు వరసగా చదివించారు. "మందుల మత్తు గుర్రానికి తెలిసిపోతుంది, ఆపేసి రండి" అన్నారు. వాడు ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా ఆపేశాడు. మూడు వారాలు వాడి ముఖంలో వెలుగు చూసి మా అమ్మ ఆ గుర్రానికి బెల్లం తీసుకెళ్లింది కూడా. ఆరో వారంలో హాస్పిటల్లో చేర్చాం. బతికి బయటపడ్డాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. బాధపడినవాళ్లకు తెలుస్తుందంటారా? హాస్పిటల్ వరండాలో పదకొండు రాత్రులు పడుకున్నాను, నాకూ తెలుసు.

మెదక్_మాధవి
ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా మరీ కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

గండిపేట_గుర్రపమ్మ
మాస్టారూ, ఆ మాట అన్నందుకు క్షమించండి. మందులు ఆపమన్నవాళ్లను ఏం చేసినా పాపం లేదు. నేనైతే ఆపలేదు.

లెక్కల_మాస్టారు
ఆపలేదా? అంటే వాడారా? మీ మొదటి పోస్టు ఇప్పుడే మళ్లీ చదివాను. బ్రష్ ఉంది, డెక్క ఉంది, ట్రాట్ ఉంది. మందుల ఊసే లేదు.

గండిపేట_గుర్రపమ్మ
వాడాను. పద్నాలుగు నెలలు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ మానేశాను. రాయలేదు, నిజమే. స్వారీకి వెళ్తున్నానంటే మా అత్తగారింట్లో "ఝాన్సీ రాణి బయల్దేరింది" అని నవ్వేవాళ్లు, అంతే. మాత్రలు మాత్రం బీ కాంప్లెక్స్ డబ్బాలో పోసి దాచుకునేదాన్ని. ఎవరైనా "ఎలా తగ్గింది" అంటే గుర్రం అని చెప్పడం అలవాటైపోయింది. ఇక్కడా అదే చెప్పాను.

లెక్కల_మాస్టారు
నా గొడవంతా ఇదేనమ్మా. గుర్రం మీద నాకేం పగ? మా తమ్ముడు చదివిన వాటిలో ఎన్నింటి వెనక ఇలాంటి బీ కాంప్లెక్స్ డబ్బా ఉందో! అది మీరు దాచుకున్నారు, వాడు మాత్రం అసలు లేదనుకున్నాడు.

గండిపేట_గుర్రపమ్మ
చెప్పినవాళ్లకు ఏమవుతుందో కూడా రాయండి మరి. నాతో పాటు స్వారీ నేర్చుకున్న అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది, కుదిరిన సంబంధం తప్పిపోయింది. మగవాళ్లు వరండాలో పడుకున్నామని చెబితే అన్న ప్రేమ అంటారు. మేం మాత్ర మింగామంటే పిచ్చి అంటారు. మాకు గుర్రమే మర్యాదైన మాట.

లెక్కల_మాస్టారు
దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ ఆ మర్యాద ఖరీదు మా ఇంట్లో కట్టాం.

ఎముకల_డాక్టర్
ఆలస్యంగా వచ్చాను. నా దగ్గరికి గుర్రం ఎక్కినవాళ్లు రారు, పడినవాళ్లే వస్తారు. మీ చెల్లి మందులకు మగత వస్తుందేమో, స్వారీ చేయొచ్చో లేదో రాసిన డాక్టర్‌నే అడగండి. హెల్మెట్ లేకుండా ఎక్కనివ్వొద్దు. చెప్పులు, స్పోర్ట్స్ షూ వద్దు, కొంచెం మడమ ఉన్న బూటు కావాలి. లేకపోతే పాదం రికాబులోకి దూరిపోయి, పడినప్పుడు ఈడ్చుకెళ్తుంది. ఇవి లేవన్న స్కూల్ నుంచి అటే వెనక్కి వచ్చేయండి.

ఉప్పల్_అన్నయ్య
ఇంత దూరం వెళ్తుందనుకోలేదు. అందరికీ థాంక్స్. డాక్టర్ గారిని అడిగాం. మందుల్లో ఒక్కటి కూడా మానకుండా వెళ్లమన్నారు. నిన్న తీసుకెళ్లాను. అరగంట కంచె పట్టుకుని నిలబడింది. ఒక ముసలి గుర్రం వచ్చి చెల్లి చున్నీ కొస నమిలింది. వదిలించుకోలేదు, అలాగే చూస్తూ ఉంది. ఎక్కమంటే వద్దంది. దారిలో మాత్రం "ఉలవలు కిలో ఎంత ఉంటాయి" అని అడిగింది. శనివారం మళ్లీ వెళ్తాం. ఫీజు ఇంకా కట్టలేదు.

లెక్కల_మాస్టారు
ఎక్కలేదుగా. నేను మొదట్నుంచీ చెప్పేది అదే.

గండిపేట_గుర్రపమ్మ
ఉలవలు పచ్చివి పెట్టొద్దు, నానబెట్టి ఉడికించాలి. అదీ అక్కడివాళ్లు సరేనంటేనే. మాస్టారూ, శనివారం మీరూ మీ తమ్ముడితో రండి, బెల్లం తేకండి.