పాత రేవా కారు ఏ మోడలో గుర్తుపట్టడం ఎలా?

బెంగళూరులో మా మేనమామ ఇంటి షెడ్డులో ఒక రేవా ఎలక్ట్రిక్ కారు ఏళ్ల తరబడి కదలకుండా ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని నా పట్టుదల. కాగితాలు దొరకడం లేదు. అందుకే ముందు అది ఏ కాలం నాటిదో తేల్చుకోవాలి.

నాకు తెలిసినంత వరకు, 1994లో చేతన్ మైని వాళ్ల మైని గ్రూపు, కాలిఫోర్నియాకు చెందిన అమెరిగాన్ కలిసి ఈ కంపెనీ పెట్టాయి. కారు మార్కెట్లోకి వచ్చింది 2001లో. లండన్‌లో జీ-విజ్ పేరుతో అమ్మారు. అక్కడి రూల్స్ ప్రకారం అది కారు కాదు, క్వాడ్రిసైకిల్ (కారు కంటే తేలికైన నాలుగు చక్రాల బండి)! 2010లో మహీంద్రా మెజారిటీ వాటా కొన్నది, 2013లో దాని తర్వాతి ఎలక్ట్రిక్ కారు ఈ2ఓ వచ్చింది.

నాకు అసలు చిక్కు మధ్యకాలం దగ్గర. మొదటి బండ్లలో డీసీ మోటారు, 2008 ప్రాంతంలో వచ్చిన రేవా-ఐలో ఏసీ మోటారు. మోటారు విప్పకుండా, బయటి నుంచి చూసి ఈ రెండింటికీ తేడా చెప్పగలమా? ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు ఉంటే రేవా-ఐ అనుకోవచ్చా? ఛాసిస్ నంబరులో తయారైన సంవత్సరం ఎక్కడ ఉంటుంది?

ఇంకోటి. సీట్ల కింద 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు 8 ఉన్నాయి, మొత్తం 48 వోల్టులు. అవి ఎలాగూ పనికిరావు. 2009లో కంపెనీయే లిథియం మోడల్ తెచ్చింది కాబట్టి లిథియం పెట్టడం సాధ్యమేనని నా నమ్మకం. కానీ పాత ఛార్జరు, కంట్రోలరు (మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె) ఉంచుకోవచ్చా, అవీ మార్చాలా? ఈ పని స్వయంగా చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ బ్యాటరీ పెట్టారో, ఒక్క ఛార్జికి ఎన్ని కిలోమీటర్లు వస్తోందో దయచేసి చెప్పండి.