సింగపూర్ విద్యాయాత్ర: చివరి రెండు రోజులు పిల్లల ఇష్టానికి వదలవచ్చా?

కొత్తపేట తండ్రి:
మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ వాళ్లు సింగపూర్ తీసుకెళుతున్నారు. మొదటి నాలుగు రోజులకూ గంట గంటకూ ఏదో ఒకటి రాసి ఇచ్చారు. చివరి రెండు రోజుల ఎదురుగా మాత్రం ‘సొంత సమయం’ అని ఉంది, అంతే. తల్లిదండ్రుల సమావేశంలో దీని మీద పెద్ద రభస జరిగింది. అసలు చదువు ఆ రెండు రోజుల్లోనే ఉందని కొందరు, డబ్బు దండగ అని మరికొందరు. పిల్లల్ని పంపినవారు, వెళ్లి వచ్చినవారు ఏమంటారు?

తార్నాక మాస్టారు:
వదిలేస్తే అందరూ తేలేది లిటిల్ ఇండియాలోని ముస్తఫా సెంటర్‌లోనే. చాక్లెట్లు, అత్తర్లు, బంధువుల్లో మోకాళ్ల నొప్పులున్న ప్రతివారికీ ఒక టైగర్ బామ్ సీసా. ఇక చివరి రాత్రంతా హోటల్ గదుల్లో తూకాలే. పెట్టెను చేతి త్రాసుకు తగిలించి ఎత్తడం, బరువు ఎక్కువైతే రెండు జీన్స్ ప్యాంట్లు తీసి ఒకదాని మీద ఒకటి తొడుక్కోవడం. దీనికోసం తండ్రులు అప్పు చేయాలా?

ఒక పూట మెరీనా బ్యారేజీకి తీసుకెళ్లమనండి. టికెట్టు కూడా లేదు. సముద్రంలో కలిసే పాయకు అడ్డంగా 350 మీటర్ల కట్టడం కట్టి, ఉప్పునీటిని అవతలే ఆపి, నగరం నడిబొడ్డున మంచినీటి జలాశయం చేసుకున్నారు. 2008లో ప్రారంభమైంది. ఆ దేశంలో ఆరో వంతు నేల మీద పడిన వాన అక్కడికే చేరుతుంది. కుండపోత వానప్పుడు సముద్రం ఆటు మీద ఉంటే తొమ్మిది గేట్లు దించి నీరు వదిలేస్తారు. పోటు మీద ఉంటే గేట్లు తెరవరు, ఏడు పంపులతో నీటిని సముద్రంలోకి తోడిపోస్తారు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టుకున్న ఊరు మనది. నేటికీ జంట జలాశయాల గేట్లు ఎత్తారంటే మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ వాళ్లకు నిద్ర ఉండదు. హైదరాబాద్ పిల్లలు చూడవలసినది దాన్ని మించి అక్కడ ఏముంది?

బోయిన్‌పల్లి పూర్వ విద్యార్థిని:
మాస్టారూ, మమ్మల్ని ఆ బ్యారేజీకి తీసుకెళ్లారు. గైడు మైకులో ఊదరగొడుతుంటే మేమంతా పైకప్పు మీది పచ్చికలో ఫొటోలు దిగాం. గేట్లు ఎన్నో మీరు చెబితేనే తెలిసింది.

నాకు చివరి రోజే గుర్తుంది. నలుగురం అక్కడి మెట్రో, ఎంఆర్‌టీ రైలు తప్పు దిశలో ఎక్కి, ఎవరినో అడిగి వెనక్కి వచ్చి, ఆకలితో ఒక హాకర్ సెంటర్‌లో, అంటే చవక తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే శాలలో పడ్డాం. తిని లేస్తుంటే పక్క బల్ల దగ్గరి తాతగారు మాట్లాడకుండా మా పళ్లేల వైపు వేలు చూపించారు. తిన్నవి ఎవరివి వారే తీసి అరల్లో పెట్టాలట, 2021 నుంచి అక్కడ తప్పనిసరి. ఇంట్లో ఏనాడూ కంచం తీసిన బాపతు కాము మేము. బుద్ధిగా తీశాం.

నారాయణగూడ అమ్మ:
నీకు తిరిగే అవకాశమైనా వచ్చింది తల్లీ. మా అమ్మాయి బృందంలో అబ్బాయిలకు రాత్రి పదింటి వరకు అనుమతి, ఆడపిల్లలు మాత్రం ఆరింటికల్లా హోటల్లో హాజరు పలకాలి. అదేమిటని అడిగితే మా భయం కోసమేనన్నారు! నేనెప్పుడు భయపడ్డాను? నన్నెవరు అడిగారు? ఆ పిల్ల రెండు సాయంత్రాలూ లాబీలో సోఫా మీద కూర్చుని వచ్చింది. ఇస్తే ఇద్దరికీ ఒకే వేళ ఇవ్వండి. లేదంటే అందరినీ మాస్టారి బ్యారేజీకే తోలండి.

తార్నాక మాస్టారు:
అమ్మా, ఆ నియమం అన్యాయం, నాకు వేరే మాట లేదు. కానీ కంచం తీయడం నేర్పడానికి విమానం ఎక్కించాలా? ఆ పని ఇంట్లోనే చెప్పవచ్చు.

ఒకప్పటి యాత్రల ఏర్పాట్లవాడు:
పెద్దలు మీరు చదువు గురించి వాదించుకుంటున్నారు, బాగుంది. ఖాళీ రోజంటే బస్సు అద్దె, గైడు, ప్రవేశ టికెట్ల ఖర్చు లేని రోజు. మొత్తం ధర తక్కువ చేసి చూపడానికి మేము వాడే ఉపాయం అది. ఆ రెండు రోజుల భోజనం, రైలు కార్డు డబ్బు కట్టినదాంట్లో ఉన్నాయో లేవో రాతపూర్వకంగా అడగండి.

కొనుగోళ్లంటారా, పర్యాటకులు కనీసం వంద సింగపూర్ డాలర్లకు కొంటే అక్కడి 9 శాతం జీఎస్టీలో కొంత కోత పోను మిగతాది వెనక్కి వస్తుంది. అయితే సరుకున్న పెట్టెను విమానంలోకి అప్పగించకముందే చాంగీ విమానాశ్రయంలో ఆ పని చూసుకోవాలి. పిల్లలు అక్కడే జ్యూయెల్ అనే భవనంలో ఉన్న జలపాతం ముందు నిలబడిపోయి ఈ సంగతే మరిచిపోతారు. బంగారం జోలికి మాత్రం పోవద్దనండి. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవారికే నగల మీద సుంకం మినహాయింపు, వారం యాత్రకు లేదు.

కొత్తపేట తండ్రి:
ఖర్చు సంగతి నాకు తట్టనేలేదు, రాసి ఇమ్మని అడుగుతాను. ఆడపిల్లల వేళ గురించి కూడా గట్టిగానే అడుగుతాను. మాస్టారూ, మీ బ్యారేజీకి ఒక పూట అడుగుతాను, మైకు లేకుండా.

తార్నాక మాస్టారు:
మైకు లేకపోతే గేట్ల సంగతి ఎవరు చెబుతారయ్యా?

బోయిన్‌పల్లి పూర్వ విద్యార్థిని:
అక్కడ ప్రదర్శనశాల ఉంది కదా మాస్టారూ. చదువు వచ్చినవాళ్లనే కదా పంపుతున్నారు!