నొప్పి గోలీ, ఎనర్జీ డ్రింక్ కలిపి తీసుకోవచ్చా?

ప్రశ్న (నైట్ డ్యూటీ డ్రైవర్, హైదరాబాద్):
అన్నా, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు రాత్రిపూట క్యాబ్ నడుపుతా. రెండింటికల్లా తలకాయ పగిలినట్టు నొస్తది. ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కలిసిన గోలీని ఎనర్జీ డ్రింక్‌తోనే మింగుతున్న. తెల్లారేసరికి ఇంకో సీసా అయితది. నెల నుంచి ఇదే. మొన్న తుక్కుగూడ కాడ కడుపుల మంట లేసింది, గుండె దడదడ కొట్టుకుంది. బండి పక్కకు ఆపిన. రెండూ కలిపినందుకేనా?

జవాబు (మెడికల్ షాపు, గుంటూరు):
తమ్ముడూ, ముందు ఇది చెప్పు. విరేచనం తారులా నల్లగా అవుతోందా? వాంతిలో రక్తం గానీ, కాఫీ పొడిలాంటిది గానీ పడిందా? ఛాతీలో నొప్పి ఉందా? ఒక్కటున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

ఇరవై రెండేళ్లుగా కౌంటర్‌లో ఉన్నాను. నీలాంటి కుర్రాళ్లు ఖాళీ కడుపుతో వచ్చి ఈ బిళ్లే అడుగుతారు, ఇవ్వాలంటే నాకు భయం. కడుపు లోపలి పొరను కాపాడే పదార్థాలను ఐబుప్రోఫెన్ తగ్గించేస్తుంది. దానిమీద పుల్లటి గ్యాస్ డ్రింక్ పోస్తే మండుతుంది. నీళ్లు తాగకుండా రోజూ వేసుకుంటే కిడ్నీలకూ దెబ్బే.

దడ కెఫీన్‌ వల్ల కావచ్చు. మన దేశంలో ఈ డ్రింకుల్లో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, అంటే 250 మి.లీ. సీసాలో 75. కొన్ని తలనొప్పి బిళ్లల్లోనూ కెఫీన్ ఉంటుంది, శారిడాన్‌లో 50. టీలు కూడా లెక్కేసుకో. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకు 400 దాటకూడదు.

ఉత్త పారాసెటమాల్ ఒకటి వేసుకున్న రోజు ఎప్పుడైనా ఒక డ్రింక్ తాగితే మామూలుగా ఇబ్బంది ఉండదు. లివర్ జబ్బున్నా, మద్యం అలవాటున్నా డాక్టర్‌ని అడక్కుండా అదీ వద్దు. ఈ కలగలుపు బిళ్లలు నెలకు 10 రోజులకు మించి నెలల తరబడి వాడితే, వాటివల్లే తలనొప్పి మొదలవ్వొచ్చు.

ప్రశ్న అడిగినతను:
నల్లగ లేదన్నా, ఛాతీ నొప్పి లేదు. తినుడు మాత్రం పదకొండింటికి రెండు సమోసలే. టీలు నాలుగైతయి.

జవాబు (లారీ డ్రైవర్, విజయవాడ):
నాకూ ఇట్టాగే ఉండేది. డ్రింకులన్నీ ఒకేరోజు మానేస్తే మర్నాడు తల ఇంకా పగిలిపోయింది. తర్వాత రోజుకు సగం సీసా చొప్పున తగ్గించుకుంటా వచ్చా. కళ్లు చూపిస్తే దూరం చూపు తగ్గిందన్నారు, అద్దాలు పెట్టాక సగం నొప్పి పోయింది. నిద్రొస్తే బండి పక్కన పెట్టి ఇరవై నిమిషాలు పడుకో తమ్ముడూ. కిరాయి పోతే పోనీ.

జవాబు (మెడికల్ షాపు, గుంటూరు):
ఈ రాత్రి ఐబుప్రోఫెన్ వద్దు. పెరుగన్నం తిని బండెక్కు, నీళ్ల సీసా పక్కన పెట్టుకో. నెలగా తలనొప్పి, పైగా దడ కూడా వచ్చింది కాబట్టి రేపే డాక్టర్ దగ్గరికి వెళ్లి బీపీ చూపించుకో. ఆ బిళ్లల స్ట్రిప్పు జేబులో పెట్టుకుని వెళ్లు.