భూకంపం తర్వాత ఇల్లు ఎవరు కట్టాలి: సర్కారా, ఇంటివాళ్ళా?

మంజీర:
ములుగు జిల్లాలో 2024 డిసెంబరు 4న 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పటి నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే వాదన. పెద్ద భూకంపం వచ్చి ఊరికి ఊరే పడిపోతే ప్రభుత్వం వేరే చోట కొత్త ఊరు కట్టివ్వాలా, డబ్బులిచ్చి ఉన్నచోటే కట్టుకోమనాలా? నా ఓటు రెండోదానికే. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో వచ్చిన కిల్లారి భూకంపం తర్వాత అక్కడి లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో 52 ఊళ్ళను కొత్త చోట్లకు మార్చారు. ఇంటి సైజు పొలాన్ని బట్టి: భూమి లేనివాళ్ళకు, కొద్దిగా ఉన్నవాళ్ళకు 250 చదరపు అడుగులు, మధ్య రైతుకు 400, పెద్ద రైతుకు 750. వీధులు స్కేలు పెట్టి గీసినట్టు. ఎడ్లను ఎక్కడ కట్టేయాలి, సొప్ప ఎక్కడ వేసుకోవాలి అన్నది మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు. తర్వాత జనమే పక్కన రేకుల షెడ్లు వేసుకున్నారు.

గోదారి గట్టు:
ఒక్క సంగతి వదిలేశారు. ఊరు మార్చమని గట్టిగా అడిగింది ఆ జనమే. దాదాపు పదివేల మంది పోయారండీ. రాతి గోడలు, పైన మందంగా మట్టి మిద్దె, నిద్రలో ఉండగా అదంతా మీద పడింది. ఆ కుప్ప కింద నుంచి సొంతవాళ్ళను తీసుకున్న మనిషిని పట్టుకుని, ఇదిగో డబ్బులు, ఇక్కడే కట్టుకో అంటే ఊరుకుంటాడా? ఫోన్ పట్టుకుని మనం చెప్పడం తేలికే.

మంజీర:
అడిగారు, కాదనను. భయంలో అడిగారు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి పొలానికి దూరం నడిచారు. గుజరాత్‌లోని కచ్ఛ్‌లో 2001 జనవరి 26 భూకంపం తర్వాత ఊరు మారుస్తామని ఇదే ప్రతిపాదన పెడితే చాలా ఊళ్ళు వద్దన్నాయి. డబ్బు విడతలుగా ఇచ్చారు, ఇంజినీరు వచ్చి చూసి సరే అంటేనే తర్వాతి విడత. రెండు లక్షలకు పైగా ఇళ్ళు అలా లేచాయి.

సైట్ మేస్త్రి:
డబ్బు చేతికిస్తే ఏమవుతుందో కూడా లాతూరులోనే ఉంది చూడండి. ఊరు మార్చని పల్లెల్లో పాత ఇళ్ళు గట్టిపరుచుకోమని సాయం ఇచ్చారు. చాలామంది ఆ డబ్బుతో పక్కన ఒక కొత్త గది వేసుకున్నారు. పాత గోడ పాతగానే మిగిలింది.

అసలు ఆ గోడ సంగతి చెప్తా. చూడటానికి రెండడుగుల మందం ఉంటుంది. లోపలొక రాళ్ళ వరస, బయటొక వరస, మధ్యలో మట్టి, చిన్న రాళ్ళు. రెండు వరసల్నీ కలిపే పొడుగు రాయి ఒక్కటీ ఉండదు. కుదుపుకి బయటి వరస ఉబ్బి ఊడిపోతుంది, వెనకే మిద్దె దిగుతుంది. తలుపుల ఎత్తులో ఇంటి చుట్టూ ఎక్కడా తెగకుండా లింటెల్ బ్యాండు, అంటే లోపల ఇనుప చువ్వలున్న కాంక్రీటు పట్టీ, పోస్తే నాలుగు గోడలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మన దగ్గర తలుపు మీద ఒక ముక్క, కిటికీ మీద ఒక ముక్క వేసి వదిలేస్తాం. అడిగితే, ఇక్కడ భూకంపాలేంటి సార్ అంటారు. సర్కారు కట్టినా, మీరు కట్టుకున్నా, బ్యాండులో చువ్వలు కట్టేరోజు తెలిసినవాడు పక్కన లేకపోతే రెండూ దండగే.

గోదారి గట్టు:
ఇళ్ళ వరకు సరే. ఆసుపత్రి మాటేంటి? ఆ కచ్ఛ్ భూకంపంలోనే భుజ్ పట్నంలో జిల్లా ఆసుపత్రే కూలిపోతే, గాయపడ్డవాళ్ళకు జూబిలీ మైదానంలో ఆరుబయట వైద్యం చేశారు. 2004లో తెరిచిన కొత్త భవనాన్ని సీసం, రబ్బరుతో చేసిన బేరింగుల మీద నిలబెట్టారు, నేల ఊగినా పైన ఆ ఊపు బాగా తగ్గేలా. ఊరి కమిటీ వల్ల అయ్యే పనేనా అది?

మంజీర:
ఆసుపత్రి, బడి సర్కారే కట్టాలి, దాని మీద గొడవే లేదన్నా. నేనన్నది ఇళ్ళ గురించే.

వేపచెట్టు:
ఇందాకటి నుంచి చదువుతున్నా. అందరూ సొంతిల్లు ఉన్నవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. భుజ్ పాత ఊళ్ళో అద్దెకుండే కుటుంబాలు ఎన్నో. ఇల్లు కట్టుకోమని ఇచ్చే సాయం యజమానికే పోతుంది. అద్దెవాళ్ళు ఏ కాగితం చూపిస్తారు?

మంజీర:
కరెంటు బిల్లు చూడొచ్చు కదా అక్కా?

వేపచెట్టు:
ఆ బిల్లు ఓనరు పేరు మీదే వస్తుంది తమ్ముడూ.