స్పానిష్ మొదటి సెమిస్టర్: నోట్సు తెలుగు లిపిలో రాసుకోవచ్చా, కూడదా?

ఊనిక:
కాలేజీలో స్పానిష్ కొత్తగా తీసుకునే తెలుగు విద్యార్థులకు అందరూ చెప్పే మాట ఒకటుంది: "పదం పక్కన తెలుగులో రాసుకోవద్దు, అలవాటు చెడిపోతుంది." ఈ సలహా తప్పని నా వాదన. తెలుగులో రాసుకోని విద్యార్థి ఆ అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల్లా చదువుతాడు. ఉచ్చారణ చెడేది అక్కడే.

'తూ' అనే మాట తీసుకోండి, నువ్వు అని అర్థం. ఇంగ్లీషు మీడియంలో చదివిన నోరు దాన్ని 'టూ' అనేస్తుంది. రెండు అని చెప్పే 'దోస్' కాస్తా 'డోస్' అవుతుంది. స్పానిష్‌లో టి, డి అక్షరాలకు నాలుక కొస తగలాల్సింది పై పళ్ల వెనక. అంటే మన త, ద పలికే చోటే తప్ప ట, డ పలికే చోటు కాదు. ఇంగ్లీషువాళ్లు మాట మొదట పి, టి, కె పలికేటప్పుడు వదిలే గాలి కూడా స్పానిష్‌లో ఉండదు. మన ప, త, క అతికినట్టు సరిపోతాయి. మొదటి రోజే 'త' అని రాసుకుంటే ఈ తప్పు దగ్గరికే రాదు.

ఇక ఊనిక, అంటే ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలన్నది. అది చోటు మారితే స్పానిష్‌లో అర్థమే మారిపోతుంది. మన హ్రస్వదీర్ఘాలు దాన్ని కంటికి చూపిస్తాయి. 'పాప' అంటే లాటిన్ అమెరికాలో బంగాళాదుంప, 'పపా' అంటే నాన్న. 'ఆబ్లొ' అంటే మాట్లాడతాను, 'అబ్లో' అంటే అతను మాట్లాడాడు. 'తేర్మినొ' ముగింపు, 'తెర్మీనొ' ముగిస్తాను, 'తెర్మినో' అతను ముగించాడు. ఇంత చక్కగా చూపించే లిపి చేతిలో ఉండగా పక్కన పెట్టడం ఎందుకు?

నల్లబల్ల:
ఊనిక గారూ, త, ద విషయంలో మీతో గొడవ లేదు. కానీ దానికి మొదటి వారంలో ఓ పది మాటలు తెలుగులో రాసి చూపిస్తే చాలు. సెమిస్టరంతా నోట్సు అలాగే రాస్తే ఏమవుతుందో డిక్టేషన్ రోజున తెలుస్తుంది.

మీ పద్ధతిలో 'బాయ' అని రాసుకున్నారనుకోండి. లాటిన్ అమెరికా ఉచ్చారణలో అది మూడు వేర్వేరు మాటలు. బి, వై అక్షరాలతో రాస్తే చిన్న పండు. వి, డబుల్ ఎల్‌తో రాస్తే కంచె. వి, వై తో రాస్తే 'వెళ్లు' అనే క్రియకు ఒక రూపం. 'తూబొ' అని రాస్తే గొట్టమా, 'అతనికి ఉండేది' అనే క్రియా? గొట్టానికి బి, క్రియకు వి. 'కాస' ఎస్‌తో రాస్తే ఇల్లు, జెడ్‌తో రాస్తే వేట. 'ఆయ్' అంటే హెచ్ ఉంటే 'ఉంది', లేకపోతే మన 'అయ్యో'. ఈ తేడాలేవీ మీ నోట్సులో మిగలవు. హెచ్ అసలు పలకని అక్షరం కాబట్టి అది తెలుగు నోట్సులోకి రానే రాదు. 'ఆబ్లొ'కి ముందు హెచ్ ఉందని పరీక్షలో ఎలా గుర్తొస్తుంది?

రెండో సెమిస్టర్‌కి వచ్చేసరికి ఇది ఇంకా ముదురుతుంది. 'తొకార్' అంటే ముట్టుకోవడం. భూతకాలంలో 'నేను ముట్టుకున్నాను' అనడానికి 'తొకే' అవుతుంది. తెలుగులో చూస్తే ఏ మార్పూ లేదు, క అలాగే ఉంది. కానీ 'తొకార్'లో క కి సి రాస్తారు. ఆ సి తర్వాత ఇ అక్షరం వస్తే 'తొసే' అని చదవాలి. క శబ్దం నిలబెట్టడానికే అక్కడ సి తీసేసి క్యూ, యు రాస్తారు. 'పగార్' అంటే డబ్బు కట్టడం. అది 'పగే' అయినప్పుడు జి పక్కన ఒక యు చేరడానికీ కారణం ఇదే. తెలుగు నోట్సు మీద ఆధారపడ్డవాళ్లకు ఈ నియమం ఎందుకుందో కూడా అంతుపట్టదు.

ఊనిక సంగతికి వస్తే, స్పానిష్ స్పెల్లింగే దాన్ని చెప్పేస్తుంది. మాట చివర అచ్చు గానీ, ఎన్ గానీ, ఎస్ గానీ ఉంటే చివరి నుంచి రెండో అక్షరాన్ని (పలుకులో వచ్చే అక్షరం, స్పెల్లింగ్‌లోది కాదు) ఒత్తాలి. వేరే హల్లుంటే చివరి అక్షరాన్ని ఒత్తాలి. ఈ రెండు సూత్రాలకూ లొంగని మాటకు అచ్చు మీద గీత ఉంటుంది. పది నిమిషాల్లో నేర్చుకునే సూత్రానికి వేరే లిపి దేనికండీ?

బండి ఱ:
ఇద్దరూ ఆర్ అక్షరాన్ని వదిలేశారు. మొదటి సెమిస్టర్‌లో ఎక్కువమంది భయపడేది దానికే. మనకు ఆ భయం అక్కర్లేదు.

'పేరొ' అంటే కానీ. 'పేఱ్ఱొ' అంటే కుక్క. మొదటిదానికి మన 'పేరు'లో ఉన్న ర చాలు. నాలుక కొస పళ్ల చిగురుకు ఒక్కసారి తగిలి వదిలేస్తుంది. రెండోదానికి 'గుర్రం' గట్టిగా అని చూడండి. పాతకాలం స్పెల్లింగ్‌లో గుఱ్ఱం అని రాసేవాళ్లు కదా, అదే. నాలుక బిగబట్టకుండా గాలి వదిలితే కొస తనంతట తానే రెండు మూడుసార్లు కొట్టుకుంటుంది. ఇంగ్లీషువాళ్లకు నెలలు పట్టే పని మనకు చిన్నప్పుడే అయిపోయింది. కాకపోతే ఇంగ్లీషు క్లాసులో నేర్చుకున్న మెత్తటి ఆర్‌ని ఇక్కడికి మోసుకురాకూడదు.

జాగ్రత్తపడాల్సిన చోట్లు రెండున్నాయి. మాట మొదట్లో ఒక్క ఆర్ ఉన్నా గుర్రం ర నే పలకాలి: 'ఱోహొ' (ఎరుపు). ఎన్, ఎల్, ఎస్ తర్వాత వచ్చినా అంతే.

ఊనిక గారి పద్ధతిలో నాకు నచ్చనిది వి అక్షరం. స్పానిష్‌లో బి, వి రెండూ ఒకటే శబ్దం, నిజమే. అలాగని అన్నిచోట్లా బ రాసేస్తే తప్పు. మాట మొదట్లో, ఎమ్, ఎన్ ల తర్వాత పెదవులు పూర్తిగా మూసుకుంటాయి, కాబట్టి బ సరే. అచ్చుల మధ్య మాత్రం పెదవులు దగ్గరికొస్తాయి తప్ప కలవవు. అది బ కీ వ కీ మధ్య పలుకు, దానికి మనకు అక్షరం లేదు. డి కూడా అచ్చుల మధ్య వదులవుతుంది. 'నాద' (ఏమీ లేదు) అన్నప్పుడు ద ని నొక్కకూడదు. ఇవి చెవితోనే పట్టుకోవాలి. ఏ లిపిలో రాసినా దొరకవు.

ఒక పక్క మాట. స్పానిష్ సొంత మాట ఎప్పుడూ ఎస్, దాని వెంటనే హల్లుతో మొదలవదు. ముందు ఎ చేరుతుంది: 'ఎస్క్వేల' బడి, 'ఎస్తసియోన్' స్టేషన్. మన ఊళ్లలో ఇస్కూలు, ఇస్టేషన్ అనేవాళ్ల నోటికి ఇది కొత్తేం కాదు.

వాక్యం:
లిపి గురించే కొట్టుకుంటున్నారు గానీ అసలు లాభం వ్యాకరణంలో ఉంది. స్పెల్లింగ్ స్పానిష్‌లో నేర్చుకోండి, అర్థం మాత్రం తెలుగులో రాసుకోండి. ఇంగ్లీషులో రాసుకోవద్దు.

'మె గూస్త ఎల్ కఫే' వాక్యం చూడండి. ఇంగ్లీషులోంచి వచ్చేవాళ్లు 'నేను' కర్తగా ఉండాలని వెతుక్కుని తడబడతారు. మనకు అది 'నాకు కాఫీ ఇష్టం', అంతే. 'మె' అంటే నాకు. 'మె దుఏలె ల కబేస' అంటే నాకు తల నొప్పి పెడుతోంది. వాక్యం కట్టుబడి మనదే. అయితే ఒక తేడా ఉంది. ఇష్టమైన వస్తువు బహువచనమైతే క్రియ మారుతుంది: మామిడిపళ్లయితే 'మె గూస్తన్'. తెలుగులో 'ఇష్టం' మారదు కాబట్టి మనవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునే మార్కు ఇదే.

అలాగని 'నాకు' కనిపించిన ప్రతిచోటా 'మె' పెట్టకండి. 'నాకు ఆకలిగా ఉంది', 'నాకు ఇరవై ఏళ్లు' అన్నవాటికి స్పానిష్‌లో 'కలిగి ఉన్నాను' అనే క్రియ వాడతారు: 'తేంగొ ఆంబ్రె', 'తేంగొ బేఇంతె ఆఞొస్'. ఇక్కడ కర్త నేనే.

అన్నిటికన్నా ముఖ్యం 'సేర్', 'ఎస్తార్'. రెండూ 'ఉండు'కు సంబంధించిన క్రియలే. శాశ్వతమైతే మొదటిది, తాత్కాలికమైతే రెండోది అని చాలామంది నేర్పుతారు. ఆ సూత్రం తొందరగానే తప్పుతుంది. హైదరాబాద్ ఎక్కడికీ కదలదు, అయినా అది తెలంగాణలో ఉంది అనడానికి 'ఎస్తా' వాడాలి. దానికన్నా తెలుగు వాక్యాన్ని అడగండి. 'అతను డాక్టరు': తెలుగులో క్రియ లేదు, స్పానిష్‌లో సేర్. 'పుస్తకం బల్ల మీద ఉంది': ఇక్కడ 'ఉంది' అనే క్రియ ఉంది, కాబట్టి ఎస్తార్. 'పెళ్లి మా ఇంట్లో': మళ్లీ క్రియ లేదు, సేర్. కార్యక్రమం జరిగే చోటుకి సేర్ వాడాలన్న నియమం పుస్తకాల్లో మినహాయింపుగా ఉంటుంది. మనకు అది మామూలు వాక్యం.

నల్లబల్ల:
వాక్యం గారూ, 'ఇల్లు పెద్దగా ఉంది' అని మనం అంటాం. మీ లెక్క ప్రకారం ఎస్తార్ రావాలి. మామూలుగా ఇల్లు పెద్దదని చెప్పడానికి రావాల్సింది సేర్. విద్యార్థి మునిగిపోడా?

వాక్యం:
మంచి ప్రశ్న. నామవాచకం, చోటు, కార్యక్రమం: ఈ మూడింటికే నేను పైన చెప్పిన పరీక్ష. విశేషణం వస్తే 'ఉంది'ని 'ఉంటుంది'గా మార్చి చూడాలి. 'మా అక్క పొడుగ్గా ఉంటుంది', ఎప్పుడూ ఉండే లక్షణం కాబట్టి సేర్. 'మా అక్క ఇవాళ నీరసంగా ఉంది', ఇప్పటి స్థితి కాబట్టి ఎస్తార్. 'అందంగా ఉంటుంది', 'ఇవాళ అందంగా ఉంది' అన్న రెండింటికీ స్పానిష్‌లోనూ ఇదే తేడా. మీ ఇల్లు కూడా 'పెద్దగానే ఉంటుంది', కాబట్టి సేర్. ఇది మనుషులుండే చోటుకి పనికిరాదు. 'అన్న బెంగళూరులో ఉంటాడు' అంటే నివసిస్తాడనే క్రియే వాడాలి. వాతావరణానికీ పనికిరాదు. 'ఎండాకాలం వేడిగా ఉంటుంది'లో ఈ రెండూ కాకుండా 'చేయడం' అనే క్రియ వస్తుంది: 'ఆసె కలోర్'. ఈ రెండు చోట్లూ ఎర్ర సిరాతో రాసి పెట్టుకుంటే మిగతాదంతా నిలబడుతుంది.

డాలస్ నుంచి:
అమెరికా కాలేజీల సంగతి కొంచెం వేరు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్లకు ఊనిక గారి పద్ధతి వల్ల లాభం లేదు. వాక్యం గారిది మాత్రం చెవితోనే పనిచేస్తుంది. 'నాకు ఇష్టం' వినని తెలుగు ఇల్లు ఉండదు కదా. నువ్వు, మీరు తేడా కూడా వాళ్లకు ఇంట్లోనే వచ్చేస్తుంది: 'తూ', 'ఉస్తేద్'. కాకపోతే 'ఉస్తేద్'కు క్రియ 'అతను, ఆమె' రూపంలో పెట్టాలి. అది ఒక్కటి గట్టిగా చెప్పండి.

ఇక్కడ హోంవర్కు చాలాచోట్ల ఆన్‌లైన్లోనే. కంప్యూటరే దిద్దుతుంది, అచ్చు మీద గీత లేకపోతే తప్పని కొట్టేస్తుంది. అందుకే మొదటి రోజే కీబోర్డు సరిచేసుకోవాలి. విండోస్‌లో 'యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్' పెట్టుకుంటే, అపాస్ట్రఫీ కొట్టి అచ్చు కొడితే గీత పడుతుంది. టిల్డ (~) కొట్టి ఎన్ కొడితే ఞ శబ్దం అక్షరం వస్తుంది. మాక్‌లో ఆప్షన్, ఇ కలిపి నొక్కి తర్వాత అచ్చు. ఆప్షన్, ఎన్ కలిపి నొక్కి మళ్లీ ఎన్. ఫోన్లో అయితే అక్షరాన్ని నొక్కి పట్టుకోవడమే. 'ఆఞొస్' (ఏళ్లు) మీద ఆ టిల్డ మరిచిపోతే అది శరీరంలో నలుగురిలో చెప్పుకోని భాగం పేరవుతుంది. వయసు చెప్పే వాక్యం మొదటి నెలలోనే వస్తుంది, జాగ్రత్త.

పరీక్షల బల్ల:
ఇండియాలో ఎలక్టివ్‌గా చదివి 'దెలె' ఏ1 (స్పానిష్ తొలి స్థాయి పరీక్ష) రాయాలనుకునేవాళ్లు ఒక లెక్క చూసుకోండి. ఇది స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ నడిపే పరీక్ష, వాళ్ల కేంద్రం ఢిల్లీలో ఉంది. నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 మార్కులు. చదవడం, రాయడం కలిపి ఒక జట్టు. వినడం, మాట్లాడటం కలిపి ఇంకో జట్టు. ఒక్కో జట్టులో 50కి 30 రావాలి. ఒకదాంట్లో 48 తెచ్చుకుని రెండోదాంట్లో 28 దగ్గర ఆగితే మొత్తం పోయినట్టే. తెలుగు లిపి నోట్సు రెండో జట్టుకు బలం, మొదటి జట్టుకు గండి. మీ వాదనలో రెండువైపులా ఉన్నది ఇదే.

ఊనిక:
డిక్టేషన్ విషయంలో నల్లబల్ల గారు చెప్పింది కాదనలేను. నోట్సు మార్చి చెబుతాను. పేజీని మూడు గడులు చేయండి. మొదటి గడిలో స్పానిష్ స్పెల్లింగ్, హెచ్, వి, గీతలతో సహా. రెండోది సన్నటి గడి, అందులో తెలుగు ఉచ్చారణ. మూడో గడిలో తెలుగు అర్థం. వారానికోసారి రెండో గడి మీద కాగితం కప్పి మొదటిది చదవాలి, తర్వాత మొదటిది కప్పి రెండోదాన్ని చూసి స్పెల్లింగ్ రాయాలి. తప్పిన మాటలే మరుసటి వారానికి ఎక్కించుకోవాలి.

దీర్ఘాలు మాత్రం వదలను. సూత్రం తెలిసినవాళ్లు కూడా మాట్లాడేటప్పుడు లెక్కపెట్టుకోలేరు, నోటికి అలవాటు కావాలి.

నల్లబల్ల:
మూడు గడులు సరే. దీర్ఘం మీద నా అభ్యంతరం అలాగే ఉంది. మనకు దీర్ఘం అంటే రెండు మాత్రలు, ఛందస్సులో గురువు. స్పానిష్‌లో ఒత్తిన అచ్చు బిగ్గరగా, కాస్త నిడివిగా ఉంటుంది తప్ప రెట్టింపు కాదు. 'తెర్మీనొ'ని మనవాళ్లు 'తెర్మీఈనొ' అని సాగదీసి చదువుతారు. గొంతు పెంచాల్సిన చోట రాగం తీసినట్టవుతుంది. అందుకే హ్రస్వాలే రాసి, ఒత్తాల్సిన అక్షరం కింద గీత పెట్టమంటాను: తెర్మినొలో 'మి' కింద. ఎనిమిదో వారం దాటాక ఆ సన్నటి గడి కూడా గీయకండి.

బండి ఱ:
ఎనిమిదో వారం తర్వాత కూడా రెండు అక్షరాలకు ఆ గడి ఉంచుకోమంటాను: ఱ, ఞ. మన అక్షరమాలలోనే మూలన పడ్డ ఈ రెండూ స్పానిష్‌లో రోజూ పనికొస్తాయి. 'పేఱ్ఱొ'లో ఱ కింద గీత పెట్టి వందసార్లు చదివినవాడు కుక్క అనాల్సిన చోట కానీ అనడు.